సూదిపోటు దాచుకోవద్దు

శ్రీకాకుళం సర్వజనాసుపత్రి కావచ్చు, విజయనగరం ఘోషాసుపత్రి కావచ్చు... రాత్రి డ్యూటీలో నర్సులకి ఊపిరి సలపదు. ఆ హడావుడిలో వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతే చటుక్కున వేలికి గుచ్చుకోవచ్చు. అదే సూది చెత్తసంచిలో పడితే, పొద్దున్నే సంచి ఎత్తే ఆయమ్మ చేతికి! ఎక్కడైనా సరే, తిడతారేమోనని చాలామంది పైకి చెప్పరు. అసలు ముప్పు అలా దాచుకోవడంతోనే.

హెచ్‌ఐవీ రోగికి వాడిన సూది గుచ్చుకుంటే ఆ వైరస్ సోకే అవకాశం వెయ్యికి మూడు. టీకా వేయించుకోనివారికి హెపటైటిస్-బి ముప్పు మాత్రం నూటికి 30 దాకా ఉంటుంది. గుచ్చుకోగానే గాయాన్ని పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే డాక్టరుకి చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు, వీలైతే 2 గంటల్లోనే మొదలెట్టి 28 రోజులు వాడాలి.

డ్యూటీకి బయల్దేరే అమ్మని ఇంట్లోవాళ్లు ఒక్కమాట అడగాలి... 'హెపటైటిస్ టీకా మూడు డోసులూ అయ్యాయా?' అని.