మామయ్య మాట, నా మౌనం

గుడి క్లాసులో నేర్చుకున్న తెలుగుతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

2002లో మా డర్బన్‌లో ఒక పాట మీద పెద్ద గొడవ జరిగింది. పేరున్న నాటక రచయిత ఎంబొంగేని ఎన్గేమా జూలూ భాషలో 'అమాన్‌డియా' అనే పాట రాశాడు. ఆ మాటకు 'ఇండియన్లు' అని అర్థం. మనవాళ్ళు జూలూవాళ్ళను అణగదొక్కుతున్నారని ఆ పాటలో నింద. క్షమాపణ చెప్పమని నెల్సన్ మండేలా కూడా అతన్ని అడిగారు. ఆ పాట విద్వేషం పెంచుతోందని ప్రసారాల ఫిర్యాదుల కమిషన్ తేల్చింది.

ఆ రోజుల్లో మా నాన్నకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు. 1949 డర్బన్ అల్లర్ల నాటికి ఆయన చిన్నపిల్లవాడు.

ఒక ఆదివారం అందరం అమ్మ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. "ఆ పాట రాసినవాణ్ణి జైల్లో పెట్టాలి!" అన్నాడు మామయ్య. వెంటనే, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న జూలూ ఆవిడను ఒక నీచమైన మాటతో పిలిచి నీళ్ళు తెమ్మన్నాడు. ఆవిడ నీళ్ళు తెచ్చింది. మేమంతా విన్నాం. ఎవరూ నోరు విప్పలేదు. మామయ్య పెద్దవాడు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆవిడ కూతురు నా క్లాసులోనే చదివేది. తర్వాతి వారం నేను రాజ్యాంగంలోని 16వ సెక్షన్ పాఠం చెప్పాను. మాట్లాడే హక్కు అందరికీ ఉంది. కానీ జాతి, మతం, లింగం పేరుతో ద్వేషం రగిలించి, హాని చేయమని రెచ్చగొట్టే మాటలకు ఆ రక్షణ లేదు. పాఠం చెబుతున్నంతసేపూ ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

2021లో మా రాజ్యాంగ న్యాయస్థానం విద్వేష ప్రసంగం గురించిన చట్టంలోంచి 'బాధపెట్టే' అనే పదాన్ని తీసేసింది. మనసు నొచ్చినంత మాత్రాన మాటను నిషేధించకూడదని దాని భావం. అది సరైనదే అనుకుంటాను. నాకు నచ్చని మాటను నేను ఓర్చుకోవాలి. కానీ ఆ ఆదివారం నేను చూపింది ఓర్పు కాదు. తిట్టు పడింది ఆవిడ, ఊరుకున్నది నేను.

ప్రతి వంటింట్లోకీ చట్టం రాలేదు. అక్కడ మనమే మాట్లాడాలి.

చాలా ఏళ్ళ తర్వాత నా ఇంట్లో మామయ్య మళ్ళీ ఆ మాట అన్నాడు. "మామయ్యా, ఆ మాట ఇక్కడ వద్దు" అన్నాను. అన్నం సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. ఆరు నెలలు మా గడప తొక్కలేదు. మళ్ళీ వచ్చాక ఆ మాట మాత్రం అనలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇలా అంటే మీరేం చేస్తారు?