ఉన్నది ఉన్నట్టు

మా తండ్రిగారు (అల్లాహ్ ఆయనను కరుణించుగాక) విడిచి వెళ్ళిన ఆస్తిలో 2008 నాటి ఆరు టైర్ల లారీ ఒకటి ఉంది. చెల్లెలి వాటాను సొమ్ము రూపంలో చెల్లించిన పిదప ఆ లారీ మా అన్నదమ్ములిద్దరికీ చెరిసగంగా నిలిచింది. తమ్ముడు నడుపుతాడు, మేము మదర్సాలో పాఠాలు చెప్పుకుంటాము. ఖర్చులు పోను మిగిలిన దానిలో అతనికి మూడు వంతులు, మాకు ఒక వంతు. పని చేసే భాగస్థుడికి లాభంలో ఎక్కువ వాటా ఉండవచ్చునని చెప్పి, ఆ లెక్క నిర్ణయించినది మేమే. నష్టం వస్తే మాత్రం పెట్టుబడిని బట్టి ఇద్దరూ సమానంగా భరించాలని కూడా మేమే చెప్పాము. ఈ రెండో మాట చెప్పిన రోజులలో లారీ చక్కగా నడుస్తున్నది.

గత రంజాన్ పండుగ వెళ్ళిన కొన్ని వారాలకు తమ్ముడు బేతంచెర్లలో నాపరాళ్ళు ఎక్కించుకుని ఆత్మకూరు మీదుగా వస్తున్నాడు. నల్లమల కనుమలో దోర్నాల వైపు దిగుతుండగా రెండో గేరు తనంతట తానే జారిపోయి బండి న్యూట్రల్‌లో పడింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. లారీ ఎక్కని పాఠకులకు ఒక మాట చెప్పాలి. బరువుతో ఉన్న బండిని దిగుడులో అదుపు చేసేవి బ్రేకులు మాత్రమే కావు. చిన్న గేరులో ఉన్నప్పుడు ఇంజను కూడా బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గేరు జారితే ఆ పట్టు పోయి, భారమంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ములు బాగా కాగితే బ్రేకు తొక్కినా పట్టదు. తమ్ముడు ఎడమ చేతితో గేరు రాడ్డును అదిమిపట్టి, ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుకుంటూ కిందికి దిగాడు. ఇంటికి వచ్చాక రెండు రోజులు భుజం నొప్పి అన్నాడే గాని, కారణం చెప్పలేదు. మూడో రోజున క్లీనరు కుర్రవాడి ద్వారా మాకు తెలిసింది.

విజయవాడ ఆటోనగర్‌లో మా తండ్రిగారి కాలం నుండి ఈ లారీని చూస్తున్న మేస్త్రీ ఒకరున్నారు. ఆయన బండిని కొంత దూరం నడిపి చూసి, గేర్‌బాక్సు అడుగున ఉన్న బోల్టు విప్పి ఆయిల్‌ను ఒక పళ్ళెంలోకి దించారు. ఆ ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రాసి ఎండలో మాకు చూపించారు. అందులో ఇత్తడి పొడి మెరుస్తున్నది. “రింగులు అరిగినాయి. బేరింగులు కూడా కూస్తున్నాయి. మిగతాది విప్పితే గాని చెప్పలేను” అన్నారు. ఎంత అవుతుందని అడిగితే, ముప్పై అయిదు వేలు కావచ్చు, డెబ్బై కూడా కావచ్చు అన్నారు.

ఈ జవాబు మాకు నచ్చలేదు. వెల తెలియని బేరం చెల్లదని పిల్లలకు ఏటేటా బోధించేవారము కదా! ముందుగా చెప్పలేనివాడు తరువాత ఇష్టం వచ్చినంత వేస్తాడన్న అనుమానం కూడా కలిగింది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా పిన్ని కుమారునితో ఫోనులో ఈ సంగతి చెప్పుకున్నాము. అతడు నడిపే పాత పికప్‌కు క్లచ్ పెడలే లేదట, గేర్లు వాటంతట అవే మారతాయట. ఆ పెట్టె లోపల ఆయిల్ ఒత్తిడితో ఒకదానినొకటి పట్టుకునే పలుచని పలకలు వరుసగా ఉంటాయి. అవి కాలితే ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తుంది. నిరుడు అతని యజమాని దానిని బాగు చేయించబోతే అక్కడి మెకానిక్ కూడా విప్పందే వెల చెప్పనన్నాడట. “అన్నయ్యా, మీ మేస్త్రీ కనీసం రెండు అంకెలు చెప్పాడు, మావాడు ఒక్కటీ చెప్పలేదు” అని నవ్వాడు. మేము నవ్వలేకపోయాము. ఎందుకంటే డెబ్బై వేలలో సగం మాది.

ఆ వారంలోనే ఒక బ్రోకరు తమ్ముడి దగ్గరకు వచ్చాడు. లారీకి 4,20,000 రూపాయలు ఇప్పిస్తానన్నాడు. గేరు సంగతి అతనికి తెలుసు. “90 గ్రేడు ఆయిల్ తీసేసి 140 పోయండి, కాస్త గ్రీజు కలపండి. చప్పుడు అణుగుతుంది. ఖాళీ బండితో చూపిస్తే గేరు జారదు” అని ఉపాయం కూడా చెప్పాడు. లోపం చెప్పి అమ్మితే 3,40,000కు మించి రాదట.

తమ్ముడు మా దగ్గరకు వచ్చి, “భాయీజాన్, ఇట్లా అమ్మవచ్చునా?” అని అడిగాడు.

ఇక్కడ మేము చేసిన పనిని దాచకుండా రాయాలి. ఆయిల్‌తో మోసం చేయడం హరామ్ అని వెంటనే చెప్పాము. ఆ మాట చెప్పడానికి మాకేమీ కష్టం కాలేదు. ఆ వెంటనే మరొక దారి చూపించాము. మన హనఫీ ఫిఖ్హ్‌లో అమ్మేవాడు “ఏ లోపానికీ నాకు బాధ్యత లేదు” అని షరతు పెట్టి అమ్మితే, కొన్నవాడు అందుకు ఒప్పుకుంటే, తరువాత లోపం బయటపడినా సరుకు వాపసు ఇచ్చే హక్కు ఉండదు. లోపాలను ఒక్కొక్కటిగా పేర్కొనవలసిన అవసరం లేదు. ‘ఖుదూరీ’లో లోపాల అధ్యాయం బోధించేటప్పుడు ఈ సంగతిని మేము ఎన్నోసార్లు వివరించి ఉన్నాము. కనుక, ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నామని కాగితం మీద రాయించుకో, చాలు అన్నాము. కాగితం మీద చెల్లడం ఒకటి, తెలిసిన లోపాన్ని కడుపులో దాచుకున్న పాపం మరొకటి. ఈ రెండో సంగతి మాకు తెలియక కాదు. ఆ రోజున మా నోటికి మొదటిదే వచ్చింది. తమ్ముడు మా ముఖం వంక కొంచెం సేపు చూసి, సరేనని వెళ్ళిపోయాడు.

మరునాడు బండి తీసుకురావడానికి అతనితో పాటు మేము కూడా ఆటోనగర్ వెళ్ళాము. పాత ఆయిల్ వంటిదే పోసి మూసివేయమని మేస్త్రీకి చెప్పాము. అమ్ముతున్నామని, కాగితంలో ఏమి రాయిస్తున్నామో కూడా వివరించాము. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నారు.

“మౌలానా గారూ, నాకు చదువు లేదు. కొనే ఆసామీ సంతకం పెడతాడు, బాగానే ఉంది. ఆ ఆసామీ బండి నడపడు గదా! జీతానికి ఒక డ్రైవరును పెట్టుకుంటాడు. ఘాటు దిగేది ఆ డ్రైవరు. వాడు ఏ కాగితం మీద సంతకం పెట్టాడు?”

మేము జవాబు చెప్పలేదు. తమ్ముడు పక్కకు తిరిగి భుజం తడుముకుంటున్నాడు.

ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూసిన ఉదంతం ఈ పత్రిక పాఠకులందరికీ తెలిసినదే. పైన పొడి గింజలు, లోపల తడి. తడిసిన వాటిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. ఇరవై ఏళ్ళకు పైగా మేము ఈ హదీసు చెబుతూ వచ్చాము. చెప్పిన ప్రతిసారీ ఆ వర్తకుణ్ణి మనసులో ఏదో బజారులో కూర్చోబెట్టాము గాని, మా ఇంటి అరుగు మీద ఏనాడూ కూర్చోబెట్టలేదు. ఇత్తడి పొడి మెరిసే ఆయిల్‌ను మా వేళ్ళ దగ్గరకు తెచ్చి చూపించిన తరువాత కూడా కూర్చోబెట్టలేదు.

అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాము. లోపం చెప్పి అమ్మితే ఎనభై వేలు తగ్గుతుంది, తమ్ముడికి బతుకుతెరువు కూడా ఉండదు. పాత ఇనుప సామాను దుకాణాలలో వాడిన గేర్‌బాక్సు నలభై అయిదు వేలకు దొరుకుతుంది. కాని అది ఏ బండిలో ఎన్నేళ్ళు తిరిగిందో చెప్పేవారుండరు, దానికి మేస్త్రీ పూచీ ఇవ్వరు. కొత్త లారీ అంటే ఫైనాన్సు, ఫైనాన్సు అంటే వడ్డీ, ఆ మాట మా ఇంట రాదు. మిగిలినది ఒకటే. విప్పండి అన్నాము.

అప్పుడు మేస్త్రీ చెప్పిన పద్ధతి విని మా మొదటి అనుమానానికి సిగ్గుపడ్డాము. గేర్‌బాక్సు దించి, విప్పి, బిగించి, మళ్ళీ ఎక్కించే కూలి 12,000. లోపల ఏది పోయినా, పోకపోయినా అది మారదు. సామాను మాత్రం దుకాణం బిల్లు ప్రకారం, ఆ బిల్లు మా పేరనే. విప్పిన తరువాత ప్రతి వస్తువునూ చూపించి, మేము సరేనంటేనే కొత్తది కొంటారు. వద్దనుకుంటే మూడు వేలు తీసుకుని మళ్ళీ మూసి ఇచ్చేస్తారు. తెలియవలసిన వెల, అంటే మనిషి కష్టానికి వెల, ఆయన ముందే తెలియజేశారు. తెలియనిది ఇనుము సంగతి, దానిని విప్పి చూడవలసిందే. పుస్తకం చదవకుండానే ఆయన వేరు చేసిన ఈ రెండింటిని, చదివిన మేము కలిపివేశాము.

విప్పితే రెండో గేరు పళ్ళ అంచులు గుండ్రంగా అరిగి ఉన్నాయి. పళ్ళు పదునుగా ఉంటేనే స్లీవు వాటిని పట్టుకుని నిలుస్తుంది, అరిగితే బరువు పడినప్పుడల్లా జారుతుంది. గేరును తోసే ఫోర్కు ఒక పక్క సన్నబడింది. కింది షాఫ్టు మీద ఒక పన్ను విరిగి ఉంది. అదే గనుక ముందుగా ఊడి రెండు చక్రాల మధ్య పడి ఉంటే పెట్టె మొత్తం బిగుసుకుపోయేదట.

బిల్లు ఇలా వచ్చింది: బేరింగులు 16,500, రెండో గేరు, స్లీవు కలిపి 17,800, సింక్రో రింగులు 7,200, ఫోర్కు, స్ప్రింగులు 3,900, కింది షాఫ్టు 9,600, సీళ్ళు, గాస్కెట్లు, ఆయిల్ 5,400. ఎలాగూ గేర్‌బాక్సు దించాము గనుక క్లచ్ ప్లేటు కూడా మార్చమన్నారు. ఆరు నెలల తరువాత దాని కోసం మళ్ళీ దించితే కూలి మళ్ళీ ఇవ్వాలి. అది 6,800. కూలితో కలిపి 79,200 రూపాయలు. తొమ్మిది రోజులు బండి ఆగిపోయింది, ఆ కిరాయిలు పోయినది వేరు. పాత సామానంతా ఒక గోతంలో వేసి మాకు అప్పగించారు. కూలి డబ్బు మేము అక్కడికక్కడే చేతిలో పెట్టాము.

మా సగం 39,600. వెనుక గదికి స్లాబు వేయడానికి దాచిన సొమ్ములోంచి అది తీశాము. ఇంటివారు ఒక్క మాట కూడా అనలేదు గాని, మొదటి వానకు రేకుల మీద చప్పుడు మొదలైనప్పుడు, “రెండో గేరు బాగుందట కదా!” అన్నారు.

బ్రోకరు మళ్ళీ వచ్చాడు. ఈసారి 4,60,000 అన్నాడు. తమ్ముడు బిల్లులన్నీ చూపించి, ఏమేమి మార్చామో చెప్పి, మూడో గేరులో సన్నని కూత మాత్రం ఉన్నదని కూడా చెప్పాడు. అది మేము చెప్పమన్నది కాదు. బ్రోకరు కాగితాలు తిరిగి ఇచ్చేసి టీ తాగి వెళ్ళిపోయాడు. లారీ మా దగ్గరే ఉంది.

మూడో గేరు ఇంకొక ఏడాది లాగుతుందని మేస్త్రీ అంచనా. అందుకని నెలనెలా పంచుకునే ముందే రెండు వేలు పక్కన పెట్టాలని అనుకున్నాము. గత నెల తమ్ముడు ఆ సంగతి మరచిపోయి మా వాటా పూర్తిగా తెచ్చి ఇచ్చాడు. లెక్క చూసుకుని, అందులోంచి మా వంతు తీసి అతని చేతికే తిరిగి ఇచ్చాము.