బాబుకి కుదరదన్నారు

మా ఇంట్లో అప్పటికి ముగ్గురం. నాదీ మా ఆయనదీ ఇండియా పాస్‌పోర్ట్. బాబు కాలిఫోర్నియాలో పుట్టాడు కాబట్టి వాడిది అమెరికా పాస్‌పోర్ట్. వాడు ఇండియా రావాలంటే వీసా ఉండాలి. ప్రతిసారీ ఆ అవస్థ ఎందుకని ఏడాది నిండకముందే వాడికి ఓసీఐ కార్డు చేయించాం. అమెరికాలో పిల్లల్ని కన్న మనవాళ్లు చాలామంది చేసే పనే ఇది. తల్లిదండ్రులో, తాతలో, ముత్తాతలో భారతీయులైతే ఈ కార్డుకి అర్హత ఉంటుంది. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. కానీ బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా వచ్చి పోవచ్చు, ఎంతకాలమైనా ఉండొచ్చు. 2006 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదటి కార్డులు అందజేశారు. బాబు కార్డు వచ్చిన రోజు ఖమ్మంలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి, ఇక నీ మనవడు ఎప్పుడంటే అప్పుడొస్తాడని చెప్పాను.

2020 మార్చి 11న కరోనా కారణంగా వీసాలు నిలిపేస్తున్నట్టు భారత ప్రభుత్వం ప్రకటించింది. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు వీసా లేకుండా వచ్చే సౌకర్యం కూడా 13వ తేదీ నుంచి ఆపేస్తున్నామని అందులోనే ఉంది. మొదట ఏప్రిల్ 15 దాకా అన్నారు, తర్వాత పొడిగించారు. మార్చి 22 నుంచి విదేశీ విమానాలే రానివ్వలేదు. ఆ వార్తలన్నీ చదివాను. చదివి ఊరుకున్నాను, ఎందుకంటే అప్పటికి మాకు ప్రయాణం ఆలోచనే లేదు. నాకు ఐదో నెల. పురుటికి అమ్మే మా దగ్గరికి రావాల్సింది.

మార్చి ఆఖర్లో మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. ఆ రోజుల్లో కొత్తగా ఎవరు తీసుకుంటారు? ఆయన వీసా మీద ఆధారపడి నేనున్నాను, కాబట్టి నా గడువూ అదే. ఏప్రిల్‌తో ఆరోగ్య బీమా ఆగిపోయింది. సొంతంగా కట్టుకుంటే కొనసాగించొచ్చు గానీ, జీతం లేని ఇంట్లో ఆ ప్రీమియం కట్టడం మావల్ల కాలేదు. బీమా లేకుండా అమెరికా ఆసుపత్రిలో కాన్పంటే ఎంతవుతుందో అక్కడున్న తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు.

అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. మార్చి 20 నుంచి అమెరికా ప్రభుత్వం ప్రాణాపాయం లాంటి అత్యవసరాలకి తప్ప కొత్త పాస్‌పోర్టులివ్వడం ఆపేసింది. బిడ్డ అక్కడ పుడితే బిడ్డకి పాస్‌పోర్ట్ రాదు, పాస్‌పోర్ట్ లేనిదే ఓసీఐ రాదు, వీసా రాదు. గడువు దాటిపోయిన మేము, ఏ కాగితమూ లేని పసిగుడ్డుతో అక్కడ చిక్కుకుపోతాం. నెలలు పైబడితే నన్ను విమానం ఎక్కనివ్వరు. ఎలా చూసినా మే దాటకుండా బయల్దేరాలి.

మే 7న, విదేశాల్లో చిక్కుకున్న భారతీయుల్ని వెనక్కి తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. గర్భిణులకీ, వీసా గడువు ముగుస్తున్నవాళ్లకీ ముందు చోటిస్తామన్నారు. మేం రెండింటిలోనూ ఉన్నాం. కాన్సులేట్ వెబ్‌సైట్‌లో ముగ్గురి వివరాలూ నింపాం. బాబు పాస్‌పోర్ట్ నంబరూ, ఓసీఐ నంబరూ రెండూ రాశాం. ఫోన్ వచ్చింది. మనిషికి లక్ష రూపాయల లెక్కన టికెట్ డబ్బు కట్టించుకున్నారు. కారు అమ్మేశాం. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి తాళాలిచ్చేశాం. బాబు ఉయ్యాల, కుర్చీ, బొమ్మలు పక్కింటివాళ్లకి ఇచ్చేశాం.

శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర రెండు పెట్టెలు తూచి, హైదరాబాద్ ట్యాగులు తగిలించి బెల్టు మీదకి పంపారు. మూడో పెట్టె తర్వాత బాబు తన చిన్న బ్యాగు తీసి తనే తూకం మీద పెట్టాడు. అప్పుడు ఆ కౌంటర్‌లో అమ్మాయి వాడి పాస్‌పోర్ట్ తెరిచింది. ఎవరికో ఫోన్ చేసింది. ఒకాయన వచ్చి చూశాడు, ఇంకో ఫోన్. మా వెనక లైను పక్క కౌంటర్‌కి మళ్లింది. చివరికి ఆయన నా వైపు చూడకుండా, “మీ ఇద్దరికీ అభ్యంతరం లేదు మేడమ్. బాబుకి కుదరదు. ఓసీఐ వాళ్లకి అనుమతి లేదు” అన్నాడు.

మూడేళ్ల పిల్లవాడండీ, తల్లిదండ్రులం ఇద్దరం ఇండియా వాళ్లమే, నేను కడుపుతో ఉన్నాను అని డాక్టర్ ఉత్తరం చూపించాను. మా ఆయన కాన్సులేట్ అత్యవసర నంబరుకి చేస్తూనే ఉన్నారు. ఎవరో ఎత్తారు, రూల్ అదేనన్నారు. మరి ఫారంలో వాడి నంబరు చూసి డబ్బెందుకు కట్టించుకున్నారని అడిగితే జవాబు లేదు. “మీరు కావాలంటే బయల్దేరండి, బాబుని ఇక్కడెవరి దగ్గరైనా ఉంచండి” అన్నారు కౌంటర్‌లో. వాళ్లు కోపంగా అనలేదు. మంచి చెబుతున్నామనే అనుకున్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులోనే ఉంది. బెల్టు మీద వెళ్లిన పెట్టెలు వెనక్కి రప్పించుకుని, ఇల్లు లేని ఊళ్లోకి మళ్లీ వచ్చాం.

మా ఆయన స్నేహితుడు తన ఇంట్లో ఒక గది ఇచ్చాడు. కరోనా భయంతో జనం గుమ్మంలో అడుగు పెట్టనివ్వని రోజులవి. ఆ భార్యాభర్తల రుణం మేం తీర్చుకోలేం. గడువు ముగియకముందే, విజిటర్‌గా ఉండనివ్వమని బి2 కోసం దరఖాస్తు పెట్టాం. దానికీ ఫీజే. ఖమ్మంలో అమ్మకి నిజం చెప్పలేదు, విమానం వాయిదా పడిందన్నాను.

రాత్రుళ్లు నిద్ర పట్టక నేను అనుకున్నదొకటే. జబ్బు రాకుండా ఆపడం ప్రభుత్వం బాధ్యత, కాదనను. కానీ ఒకే మంచం మీద పడుకునే ముగ్గురిలో ఇద్దర్ని రానిచ్చి పసివాణ్ని ఆపితే ఏ జబ్బు ఆగుతుంది? వాడికి అమ్మానాన్నలు తప్ప ఇంకెవరున్నారని?

మాలాంటివాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారని వాట్సాప్ గ్రూపుల్లో తెలిసింది. అందరం ఎంపీలకీ, మంత్రులకీ ఉత్తరాలు రాశాం, టీవీవాళ్లతో మాట్లాడాం. మే 22న హోంశాఖ నాలుగు రకాల ఓసీఐ వాళ్లకి సడలింపు ఇచ్చింది. వాటిలో మొదటిది, విదేశాల్లో భారతీయులకి పుట్టి ఓసీఐ ఉన్న మైనర్ పిల్లలు. ఆ వార్త చదువుతూ మా ఆయన నేల మీద కూర్చుని ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

కార్డు లేని పిల్లలకి మాత్రం ఆ సడలింపు వర్తించలేదు. వాళ్లకి విడిగా వీసా కావాలి, వీసాలేమో ఆగిపోయి ఉన్నాయి. మా గ్రూపులో ఒకావిడ బిడ్డ లాక్‌డౌన్‌లోనే పుట్టింది. మేం జూన్‌లో బయల్దేరే నాటికి ఆమె ఇంకా కాన్సులేట్‌కి ఈమెయిళ్లు పెడుతూనే ఉంది. నాకు ఎనిమిదో నెల. గర్భిణులకీ, పదేళ్లలోపు పిల్లలతో వచ్చేవాళ్లకీ 14 రోజులు ఇంట్లోనే ఉండే వీలిచ్చారు కాబట్టి, చేతి మీద ముద్ర వేయించుకుని హైదరాబాద్ నుంచి నేరుగా ఖమ్మం వెళ్లాం. పాప అక్కడే పుట్టింది.

మేం తిరిగి వెళ్లలేదు. మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నారు. పాప భారత పౌరురాలు, అన్న ఓసీఐ. 2021 మార్చి 4న వచ్చిన నోటిఫికేషన్‌లో, నీట్ లాంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలకి ఎన్నారై సీట్లే అన్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆ తేదీకి ముందున్నవాళ్లకి పాత హక్కులు పోవని తీర్పిచ్చింది. మావాడు ముందే పుట్టాడు, ముందే కార్డు తీసుకున్నాడు, కాబట్టి బయటపడ్డాడు. ఇంకో ఉత్తర్వు వస్తే ఏమవుతుందో అన్న బెంగ మాత్రం నాకు పోలేదు.

తల్లిదండ్రుల వెంట వచ్చే మైనర్ పిల్లల్ని ఆపకూడదని చట్టంలోనే రాయాలి. కార్డు ఉన్నా లేకపోయినా, జనన ధ్రువపత్రంలో తల్లీతండ్రీ భారతీయులని ఉంటే అక్కడికక్కడే వాళ్లకి ప్రయాణ పత్రం ఇవ్వాలి. మే 22న రాయగలిగిన ఆ ఒక్క వాక్యం మార్చి 11నే రాసి ఉంటే, ఆ కౌంటర్ దగ్గర మా పెట్టెలు వెనక్కి వచ్చేవి కావు.