రైలు ఊరిలో ఎండాకాలం సెలవులు

ఛత్తీస్‌గఢ్‌లో మే నెల ఎండ సామాన్యమైనది కాదు. బిలాస్‌పూర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకడం అరుదేమీ కాదు. పగలు పదకొండు గంటలు దాటితే రైల్వే కాలనీ వీధులలో జనసంచారం సన్నగిల్లుతుంది. కాని రైళ్లకు సెలవులు లేవు. రైలు నడిపేవారు, స్టేషన్‌ మాస్టర్లు, పట్టాలు కనిపెట్టి చూసేవారు వంతుల ప్రకారం రాత్రింబవళ్లు విధులకు వెళ్లవలసినదే. రాత్రి డ్యూటీ ముగించి వచ్చిన తండ్రి పగలు నిద్రపోతాడు. ఇంట్లో అల్లరి చేయరాదు. బయట అడుగు పెట్టరాదు. బడులు మూసింది మొదలు మళ్లీ జూన్‌ నడిమికి తెరిచేవరకు పిల్లలకు కాలక్షేపం ఎలా? దేశమంతటా తల్లిదండ్రులకు ఎదురయ్యే ఈ ప్రశ్న ఇక్కడ మరికొంత చిక్కుగా ఉంటుంది.

బిలాస్‌పూర్‌కు నేటి రూపురేఖలు దిద్దింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే, నాగపూర్‌ నుంచి ఆసన్‌సోల్‌ వరకు వేసిన మార్గం 1891లో పూర్తయింది. బిలాస్‌పూర్‌ ఆ మార్గంలో ముఖ్యమైన కూడలి అయింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇది కేంద్రస్థానమైంది. అంతకు ముందు బిలాస్‌పూర్‌, వాల్తేరు డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనివే. అందుచేత ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొత్త కాదు.

ఆ కుటుంబాల పిల్లలకు సెలవులంటే మొదట గుర్తుకు వచ్చేది రైల్వే పాసు. 1931లో రాయపూర్‌ - విజయనగరం మార్గం పూర్తయిన నాటి నుంచి అమ్మమ్మ ఊరికి దారి సుగమమైంది. కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే, అడవులూ కొండలూ చీకటిలో దాటిపోయి, తెల్లవారేసరికి తెలుగు అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. అయితే పాసు ఉన్నంత మాత్రాన తండ్రికి సెలవు దొరకదు. వేసవి రద్దీలో రైల్వేకు మనుషుల అవసరం ఎక్కువ. కనుక ఎంత దూరమైనా ఉచితంగా వెళ్లగలిగిన ఇంటి పిల్లలే అనేక పర్యాయాలు ఊరు కదలకుండా సెలవులు గడుపుతారు.

అలా మిగిలిపోయిన పిల్లలకు ఈ ప్రాంతం తన సంప్రదాయాలలో చోటిచ్చింది. అక్షయ తృతీయను ఛత్తీస్‌గఢ్‌లో అక్తీ అంటారు. రైతుకు అది వ్యవసాయ సంవత్సరారంభం. పిల్లలకు బొమ్మల పెళ్లి. బజారులో మట్టి బొమ్మల జంటలు అమ్ముతారు. పిల్లలు ఆకులతో పందిరి వేసి, పసుపు పూసి, ఊరేగింపు తీసి పెళ్లి జరిపిస్తారు. పెద్దలు నిజమైన పెళ్లికి వచ్చినట్లే వచ్చి కానుకలు చదివిస్తారు. ఇదే తిథినాడు నిజమైన బాల్యవివాహాలు జరగకుండా అధికారులు నేటికీ కనిపెట్టి ఉండవలసి వస్తున్నది. మట్టి బొమ్మలకు పెళ్లి చేసే వయసు పిల్లలకు తమ పెళ్లి చేసుకునే వయసు కాదని ఆ ఆటే చెప్పకనే చెబుతుంది.

ఆటల పేర్లలోనూ ఒక ఆప్యాయత కనిపిస్తుంది. మన తొక్కుడుబిళ్లను ఇక్కడి పిల్లలు బిల్లస్‌ అంటారు. మన బొంగరం వారికి భౌంరా, ఏడుపెంకులాట పిట్టుల్‌, గోళీలు బాంటీ. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో ఈ ఆటలకు స్థానం లభించింది. నేల మీద గీసిన గీతలకు భాషతో పని లేదు. తెలుగు పిల్లవాడు ఛత్తీస్‌గఢీ నేర్చుకునేది పాఠ్యపుస్తకంలో కాదు, ఆటలో వచ్చిన తగువులో.

కాని ఆట స్థలాలన్నీ మునుపటివి కావు. పట్టణం మధ్య నుంచి పారే అర్పా నది వేసవిలో ఇసుక మేటగా మారుతుంది. ఇసుక పిల్లలకు సహజమైన క్రీడారంగం. ఇష్టం వచ్చినట్లు ఇసుక తవ్వుకుపోవడంతో నదిలో లోతైన గుంటలు ఏర్పడ్డాయి. 2023 జులైలో సేంద్రీ గ్రామం వద్ద ముగ్గురు బాలికలు అర్పాలో మునిగి మరణించారు. బిలాస్‌పూర్‌లోనే ఉన్న రాష్ట్ర హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. పిల్లలను బయట ఆడుకోమని చెప్పడం సులభమే. ఆ బయటను భద్రంగా ఉంచడం పెద్దల బాధ్యత. రైలు పట్టాల విషయమూ అంతే. పట్టాల పక్కనే పుట్టి పెరిగిన పిల్లలకు భయం తక్కువ. అందువల్లనే వారికి హెచ్చరిక ఎక్కువ అవసరం.

తండ్రికి ఒక్క రోజు విశ్రాంతి దొరికినా చూపదగినవి దగ్గరలోనే ఉన్నాయి. ఊరికి పది కిలోమీటర్ల దూరంలో కానన్‌ పెండారీ జంతుప్రదర్శనశాల ఉంది. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, మనియారీ నది ఒడ్డున ఉన్న తాలాలో 1987-88 తవ్వకాలలో బయటపడిన ఒక అపూర్వ శిల్పం ఉంది. రుద్రశివుడని పిలిచే ఆ విగ్రహానికి తలపాగా పాము, ముక్కు బల్లి, మీసాలు చేపలు, చెవులు నెమళ్లు. ఏ అవయవంలో ఏ ప్రాణి దాగి ఉందో వెతకడం పిల్లలకు ఎంతో సరదా. చరిత్ర పాఠం అలా మొదలైతే మరి మరచిపోరు.

సెలవుల శిబిరాలు, ఈత, చిత్రలేఖనం, కంప్యూటరు తరగతులు అన్నీ మంచివే. అయితే ఏ తరగతిలోనూ చేర్చలేని ఇంటి పిల్లలకు కూడా సెలవులు వస్తాయి. ఉదయం ఎండ ముదరక మునుపు రెండు గంటలు, సాయంత్రం చల్లబడ్డాక మరో రెండు గంటలు ఒక మైదానం, ఒక చెట్టు నీడ, కంటికి ఎదురుగా ఒక పెద్దమనిషి ఉంటే వారికి చాలు. మధ్యాహ్నం వేళ తాతయ్య పక్కన కూర్చొని పాత సంగతులు వింటే, ఆ నాలుగు గోడల మధ్య కూడా కాలం కదులుతుంది. డ్యూటీ నుంచి వచ్చిన తండ్రి పడుకోబోయే ముందు పావుగంట బొంగరానికి తాడు చుట్టి చూపించినా, జూన్‌లో బడికి వెళ్లిన పిల్లవాడు స్నేహితులతో చెప్పుకునేది ఆ పావుగంట గురించే.