యోనాతాను భోజనం మానిన రోజు



మొదటి సమూయేలు 20వ అధ్యాయాన్ని దావీదు, యోనాతానుల స్నేహం కోసమే ఎక్కువగా చదువుతుంటాము. ఈ వారం మేము అందులోని భోజనపు బల్ల దగ్గర ఆగిపోయాము. సౌలు కోపం పట్టలేక కన్నకొడుకు మీదికే ఈటె విసిరాడు. యోనాతాను తిరగబడలేదు. సర్దిచెబుతూ అక్కడే కూర్చోనూ లేదు. అన్నం ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞ అతను మీరాడని గ్రంథంలో ఎక్కడా లేదు.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, మన ఊళ్లలో తన్నులు తిన్న పిల్లాణ్ణి అందరూ అడిగే మొదటి మాట, “మీ నాన్నకి కోపమొచ్చేలా నువ్వేం చేశావురా?” అని. దెబ్బకన్నా ఆ మాటే వాడి లోపల ఎక్కువ కాలం ఉంటుంది. పిల్లల మనసు విరగ్గొట్టొద్దని కొలొస్సయి పత్రిక తండ్రులకే చెప్పింది, పిల్లలను జాగ్రత్తగా మసలుకోమని చెప్పలేదు.

మన జొన్నాడకూ రావులపాలేనికీ మధ్య గౌతమి పాత వంతెన మీరందరూ ఎరిగినదే. 2023 ఆగస్టు 6 తెల్లవారుజామున, నమ్మి వెంట వచ్చిన తల్లినీ ఇద్దరు ఆడపిల్లలనూ ఒక మనిషి అక్కడి నుండి గోదావరిలోకి తోసేశాడు. పెద్దపిల్ల వంతెనకున్న పైపు పట్టుకుని వేలాడుతూ, ఆ చీకట్లో ఫోన్ తీసి 100కి చేసింది. పోలీసులు వచ్చి కాపాడారు. తల్లీ, చంటిపిల్లా ఏట్లో కొట్టుకుపోయారు. ఆ బిడ్డకు నంబరు తెలుసు. సండే స్కూల్లో మేము 66 పుస్తకాల పేర్లతోపాటు 1098, 112 కూడా అప్పజెప్పించుకుంటున్నాము. 1098 పిల్లల కోసమే ఉన్నది, పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు పడవు.

నంబరు ఒక్కటే చాలదు. గొడవ మొదలైతే అమ్మకు అడ్డం పడొద్దని, వంటింట్లోకి పరుగెత్తొద్దని (కత్తిపీట, గ్యాసు అక్కడే ఉంటాయి), చెల్లినో తమ్ముణ్ణో చంకనేసుకుని ఏ ఇంటికి వెళ్లాలో ముందే అనుకోమని చెబుతాము. ఆ ఇంటివాళ్లతో కూడా ముందే మాట్లాడి ఉంచాలి. అర్ధరాత్రి తలుపు కొడితే “ఇప్పుడేంటే” అనే ఇల్లు పనికిరాదు.

కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేసే తల్లుల పిల్లల సంగతి వేరు. వీడియో కాల్‌లో నాన్న పక్కనే ఉంటాడు, బిడ్డ ఏం చెబుతుంది? యోనాతాను, దావీదు బాణాలతో గుర్తు పెట్టుకున్నారు కదా. ఒక తల్లికీ కూతురికీ మా అమ్మగారు అలాంటిదే నేర్పారు. “కోడి గుడ్లు పెట్టట్లేదు” అంటే ఇంట్లో బాగాలేదని అర్థం. వాళ్లింట్లో అసలు కోళ్లే లేవు!

ఒక సంగతి సంఘ పెద్దలకు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. పాస్టరైనా, పెద్దలైనా, దాచడం నేరం. ప్రార్థన చేసి రాజీ కుదిర్చే విషయం కాదది. అందుకే “ఎవరికీ చెప్పను” అని ఏ బిడ్డకూ మేము మాటివ్వము. “నీకు మేలు చేయగలిగినవాళ్లకే చెబుతాము” అంటాము. హాస్టల్లో పడేస్తారని పిల్లలు భయపడతారు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో అయితే సంస్థలో ఉంచడం చివరి మార్గమనే ఉంది. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు మేనమామనూ, అమ్మమ్మనూ వెతుకుతుంది.

ఆ తండ్రిని బిడ్డ ముందు తిట్టకండి. యోనాతాను చివరికి గిల్బోవ కొండమీద తండ్రి చచ్చిన యుద్ధంలోనే చచ్చాడు. ఆ ప్రేమ అంత తేలిగ్గా తెగదు. మా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు, నాన్న కొట్టిన మర్నాడే “నాన్న తాగడం మానాలని ప్రార్థన చేయండయ్యగారూ” అన్నాడు. ప్రార్థన చేశాము. తరువాత వాడికి అన్నం పెట్టి, మా పెరటి తలుపు గడియ బయటినుండి ఎలా తియ్యాలో అమ్మగారు చూపించారు. ఇప్పటికి రెండుసార్లు తీశాడు.