మా బొలెరో ట్రాలీ, నా నాలుగు మాటలు

బండ్ల ముచ్చట మగవాళ్లదని అనుకుంటాం. కానీ పికప్ ఒకసారి వాకిట్లోకి వచ్చాక దాని కిస్తులు, డీజిలు, టైర్లు అన్నీ ఇంటి ఖర్చులోనే కలుస్తాయి. అందుకే దాని మీద నాకూ కొన్ని అభిప్రాయాలున్నాయి.

మాది జక్రాన్‌పల్లి. పసుపు ఉడికించి, ఆరబెట్టి, నిజామాబాద్ యార్డుకు పంపాలంటే ఒకప్పుడు ఎవరిదో డీసీఎం ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్లం. డీసీఎం టయోటా కంపెనీ పోయి ఏళ్లయినా, ఆ సైజు బండ్లకు మన దగ్గర ఆ పేరే మిగిలింది కదా! 2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న రైతు కూడా సొంత బండి గురించి ఆలోచించగలిగాడు. మేం 1.7 టన్నుల బొలెరో పికప్ కొన్నాం. ధర బాగున్న రోజే సరుకు తీసుకుపోగలుగుతున్నాం. మిగతా రోజుల్లో ఎరువు బస్తాలకో, పెళ్లి సామాన్లకో కిరాయి దొరుకుతుంది.

పోయిన పసుపు సీజన్ ముందు మా ఆయన కమాన్ కట్టకు ఇంకో రెండు పట్టీలు వేయించి, బాడీ పలకలు ఎత్తు చేయిస్తానన్నాడు.

"అందరు ఏపిస్తున్నరు. ఒక్క ట్రిప్పుల ఇరవై అయిదు క్వింటాళ్లు పోతయ్."

"కమాన్ గట్టిగైతది సరే, బ్రేకులు గూడ గట్టిగైతయా?" అన్నాను.

1.7 టన్నులంటే 17 క్వింటాళ్లు. కంపెనీ వాళ్లు బ్రేకులు, ఇరుసు, టైర్లు అన్నీ ఆ లెక్కకే పెడతారు. పట్టీలు పెంచితే బండి వంగదు, అంతే. ఆపాల్సినప్పుడు ఆగాలి కదా? పైగా ఖాళీగా పోతే ఇంకా ఎగిరెగిరి పడుతుంది. చట్టంలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది. ఓవర్‌లోడుకు 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. రెండో ట్రిప్పుకు మాకయ్యేది నాలుగైదు లీటర్ల డీజిలు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాక మా ఆయన ఊరుకున్నాడు.

అసలు పేచీ కూలీల దగ్గర వచ్చింది. పసుపు తవ్వేటప్పుడు ఆడవాళ్లను ట్రాలీ వెనక నిలబెట్టి తీసుకుపోవడం మా దగ్గర మామూలే. "నాలుగడుగుల దూరమేనాయె, మనోళ్లే కద" అంది అత్తమ్మ. మనోళ్లే కాబట్టే నాకు భయం. అది సరుకు బండి. వెనక పట్టుకోవడానికి పలక తప్ప ఏమీ ఉండదు. జరగరానిది జరిగితే అలా ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా వర్తించదు. మన ఇంటి ఆడపిల్లను అలా నిలబెట్టి పంపుతామా?

ఇప్పుడు వాళ్లకు ఆటో కిరాయి మేమే ఇస్తున్నాం. ఖర్చు పెరిగింది. ఆటో కోసం ఆగలేక ఇద్దరు ముగ్గురు వేరే చేన్లకు పోయారు. "పెద్ద షోకు" అన్నవాళ్లూ ఉన్నారు. అననీ.

అన్ని మార్పులూ వద్దని కాదు. వానకు పట్టా కప్పేందుకు కడ్డీలు, వెనక మెరిసే స్టిక్కర్లు, బస్తాలు జారకుండా రబ్బరు మ్యాటు, రివర్స్ కెమెరా, వీటికి పెట్టిన పైసలు దండగ కావు. ఎదుటివాళ్ల కళ్లలో పొడిచే లైట్లు, ముందు ఇనుప గార్డు మాత్రం నాకు వద్దు. ఆ గార్డులు పెట్టొద్దని కేంద్రం 2017లోనే చెప్పింది.

ఇంకో మంచి మాట. కారు లైసెన్సు ఉంటే, బండీ లోడూ కలిపి 7,500 కిలోలు దాటని రవాణా వాహనం కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. అంటే మన పికప్‌కు ప్రత్యేకంగా ఇంకో లైసెన్సు అక్కర్లేదు. నేనూ నేర్చుకుంటున్నాను. పవర్ స్టీరింగ్ ఉంది కాబట్టి చేతులు నొప్పి పుట్టవు. వెనక్కి తీయడమే ఇంకా సరిగ్గా రాలేదు.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే ఈ రోజు రెండు మాటలు అడగండి. అది ఎన్ని క్వింటాళ్ల బండి? దాని వెనక ఎవరు ఎక్కుతున్నారు? డ్రైవింగ్ రాకపోయినా ఇవి అడిగే హక్కు మనకుంది.