పాతబస్తీలో బాగుచేసే చేతులు

ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారం. హైదరాబాదులో పురానా పూల్ సమీపాన వారానికి ఒక రోజు పాత వస్తువుల సంత సాగుతుంది. ఆ రోజు పేరే ఆ చోటికి స్థిరపడి జుమేరాత్ బజార్ అయింది. చార్మినార్‌ను, గోల్కొండను చూడవచ్చే యాత్రికులలో ఈ సంతకు దారి అడిగేవారు తక్కువ. కడప నుండి బంధువుల ఇంటికి వచ్చిన మేము, మూడు రోజుల బసలో మొదటి రోజును దీనికే కేటాయించుకొన్నాము. మా సామానులో మిఠాయి డబ్బాతో పాటు కళాయి పోయిన రెండు రాగి డేకిసాలు, అరిగిపోయిన ఒక గ్యాస్ పొయ్యి బర్నరు కూడా ఉన్నాయి. మా వీధిలో కళాయి పోసే పెద్దాయన వయసు మీదపడి పని మానుకొన్నారు. ఆయన తర్వాత ఆ కొలిమి ముందు కూర్చున్నవారు లేరు.

పురానా పూల్ 1578లో మూసీపై కట్టిన వంతెన. చార్మినార్‌కంటే పదమూడేళ్ళు పెద్దది. ఆ రాతి తోరణాల మీద నిలబడి కిందికి చూస్తే నది కనబడదు, నల్లని మురుగు కనబడుతుంది. తోరణాల మొదళ్ళలో చిక్కుకొన్న ప్లాస్టిక్ సంచులలో పాలవి, నూనెవి, బిస్కట్లవి గుర్తుపట్టగలిగాము. అన్నీ మన వంటిళ్ళకు తెలిసినవే. వంతెనకు ఒక పక్క మనం పారేసినవి తేలుతూ ఉంటే, కొద్ది అడుగుల దూరంలోని సంతలో మనం పారేసినవే అమ్ముడవుతున్నాయి. ఈ రెండింటికీ నడుమ ఉన్న తేడా మనిషి చెయ్యి ఒక్కటే.

సంతలో ఏముంటాయని అడిగితే జాబితా చెప్పడం కష్టం. నేల మీద పరచిన గోనెపట్టాలపై మూత లేని కుక్కర్లు ఒకచోట, కుక్కర్లు లేని మూతలు మరొకచోట. ఫ్యాను రెగ్యులేటర్లు, మిక్సీ జార్లు, ఇత్తడి కుళాయిలు, తలుపు బందులు, తాళంచెవులు లేని తాళాలు, తాళాలు లేని తాళంచెవులు. కొనేవారి చేతుల్లో పాత ముక్క ఒకటి తప్పక ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి కొలుచుకొని, సరిపోయిందనుకొన్నాకే బేరమాడతారు. ఫోటో తీసుకొని వెళ్తే సరిపోదు, వస్తువునే తీసుకెళ్ళాలని మాకూ అక్కడే తెలిసింది. మా బర్నరుకు జోడు నాలుగో పట్టా దగ్గర దొరికింది. "ఈ సైజు ఇప్పుడు రావడం లేదమ్మా, ఎవరో పొయ్యి పారేస్తేనే మా దగ్గరికి వస్తుంది" అన్నాడు ఆ దుకాణదారుడు. పాత వస్తువు కొనడంలో ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఎక్కడి నుండి తెచ్చావని అడిగితే తడుముకొనేవాని దగ్గర, మరీ కారుచౌకగా ఇస్తున్నవాని దగ్గర ఆగకూడదు. దొంగసొత్తును ఇంటికి తెచ్చుకొని పొదుపు చేశామనుకోవడంలో అర్థం లేదు.

అక్కడి నుండి పురానీ హవేలీకి వెళ్ళాము. నిజాం మ్యూజియంలో ఏడవ నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు చాలా ఉన్నాయి గాని, మమ్మల్ని నిలబెట్టింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల బీరువా. దాన్ని బీరువా అనడం కూడా తప్పే, అది ఒక వీధి. రెండు అంతస్తులుగా, పొడవాటి గది నిండా చెక్క అరలు వరుసగా సాగిపోతాయి. ఆయన ఒకసారి తొడిగినది మళ్ళీ తొడిగేవారు కాదని నగరంలో చెప్పుకొంటారు. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గురించి చెప్పుకొనేది దీనికి పూర్తిగా తలకిందులు. 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన ఆ ఏడవ నిజాం, మాసికలు వేసిన షేర్వాణీతో, పాత టోపీతో ఏళ్ళ తరబడి గడిపారని ప్రతీతి.

తండ్రి వైపు నిలబడాలా, కొడుకు వైపు నిలబడాలా అని మా పిల్లలు దారిపొడవునా వాదించుకొన్నారు. మాకు ఇద్దరూ పూర్తి ఆదర్శంగా తోచలేదు. దివ్యఖుర్ఆన్ దుబారాను ఎంతగా నిరసించిందో పిసినారితనాన్నీ అంతే నిరసించి, ఖర్చులో మధ్యేమార్గాన్ని చూపింది. షేర్వాణీని విడువకుండా తొడుక్కోవడం వేరు, దాన్ని రఫూగరు చేతికిచ్చి అతని కష్టానికి తగిన కూలి చెల్లించడం వేరు. మంచి రఫూగరు చిరిగిన బట్ట అంచులోపలి నుండే దారం లాగి, ఆ దారంతోనే చిరుగును నేస్తాడు. చిరిగిన చోటు మనకే కనబడదు. గుడ్డ నిలుస్తుంది, అతని ఇంటి పొయ్యీ వెలుగుతుంది. పొదుపులో ఈ రెండో సగాన్ని మనం తరచుగా మరచిపోతాము. తమ చెప్పులు తామే కుట్టుకొని, తమ బట్టలకు తామే మాసిక వేసుకొన్న దైవప్రవక్త (స) జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు, ఇంట్లో సూదీదారం ఎక్కడుందో కూడా వారికి చూపించవలసి ఉంటుంది.

కళాయి పోసే చాచా చార్మినార్ వెనుక, పాత్రల దుకాణాల నడుమ ఒక ఇరుకు గల్లీలో దొరికారు. డేకిసాను ఇసుకతో రుద్ది కడిగి, బొగ్గుల మీద బోర్లించి, తిత్తి ఆడించారు. రాగి వేడెక్కాక పట్టకారుతో తిప్పి లోపల నవాసాగరం పొడి చల్లారు. తెల్లని పొగ గల్లీ అంతా కమ్మింది, మా చిన్నవాడు దగ్గుతూ పారిపోయాడు. ఆ పొగలోనే తగరపు కడ్డీని పాత్రకు తాకించి, దూది ముద్దతో చకచకా తుడిచారు. కరిగిన తగరం పాలమీగడలా పరుచుకొని, ఎర్రని రాగి మీద వెండి రంగు తేలింది. ఇదంతా పావుగంట పని. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో చింతపండు పులుసు గాని, పెరుగు కలిసిన కూర గాని వండితే లోహం ఆహారంలోకి దిగి వాంతులు, కడుపునొప్పి కలిగిస్తుంది. అందుకే మన నానమ్మలు ఏటా కళాయి పోయించేవారు. లోపల ఎర్రదనం తొంగిచూడగానే అది పోయించే సమయమని లెక్క.

"ఇళ్ళ నుండి వచ్చేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది చాచా?" అని అడిగాము.

"వారానికి ఒకరు వస్తే ఎక్కువ బేటా. దావతులకు వండే పెద్ద దేగ్‌లు ఉన్నాయి కాబట్టి నేనున్నాను. మా అబ్బాయి ఆటో నడుపుతాడు."

ఆ జవాబు మమ్మల్ని ఆలోచింపజేసింది. మా ఇంట్లో ఎనిమిదేళ్ళలో మూడు నాన్‌స్టిక్ పెనాలు మారాయి. పూత లేచిపోగానే ఆ పెనానికి వైద్యం లేదు, చెత్తబండి ఎక్కవలసిందే. మా డేకిసాలు మాత్రం మా అత్తగారి పెళ్ళినాటివి. వాటికి వైద్యం ఉంది, వైద్యుడు కూడా ఉన్నాడు. అతని దగ్గరికి నడిచివెళ్ళేవారే కరవయ్యారు. పర్యావరణం పేరుతో వెదురు బ్రష్షులు, గుడ్డ సంచులు కొత్తగా కొనిపించే ప్రకటనలు మనకు నిత్యం కనబడుతున్నాయి. వీధిలో మిగిలి ఉన్న ఒక కళాయివారికో, గొడుగులు బాగుచేసేవారికో నెలకొక పని ఇవ్వడం వాటన్నిటికంటే మేలని మా అభిప్రాయం. రెండో డేకిసా అడుగున సన్నని చిల్లు ఉంది. అతుకు వేయాలి, శనివారం రమ్మన్నారు.

తిరిగివస్తూ అత్తరు దుకాణం దగ్గర ఆగాము. ఖాళీ సీసా ఇంటి నుండి తెచ్చుకొంటే అందులోనే నింపి ఇస్తారు. చెప్పవలసినది అంతే.

మరునాడు జుమా నమాజుకు మక్కా మస్జిద్‌కు వెళ్ళాము. ఆవరణలోని హౌజు వద్ద వుజూ చేసేవారిని చూస్తూ ఉంటే, కుళాయి వుజూకు, హౌజు వుజూకు ఉన్న తేడా స్పష్టంగా కనబడింది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే ఒక పెద్ద దోసిలి నిండేంత కొలత. ఆ సాయంత్రం బంధువుల ఇంట్లో కుళాయి కింద బకెట్టు పెట్టి మా వుజూ నీటిని కొలిచాము. కుళాయి పూర్తిగా విప్పినప్పుడు ఒక్కొక్కరికి ఆరు లీటర్లు దాటింది. చెంబుతో చేసినప్పుడు లీటరున్నరతో సరిపోయింది. ఐదుగురున్న ఇంట్లో ఐదు పూటలకు లెక్క వేసుకోండి. 1908 నాటి మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఒకప్పుడు ఈ నగరపు దాహం తీర్చేవి. నేడు కృష్ణా నీరు నూరు కిలోమీటర్లకు మించిన దూరం నుండి, గోదావరి నీరు అంతకంటే దూరం నుండి విద్యుత్తుతో ఎత్తిపోస్తే ఇక్కడి కుళాయికి చేరుతున్నది. వుజూ నీటిని తొట్టిలో పట్టి మొక్కలకు పోసే ఏర్పాటు బంధువుల మేడ మీద ఉంది. సబ్బు కలవని నీరు కాబట్టి కరివేపాకు చెట్టు ఏపుగా పెరిగింది.

అదే మేడ మీద, అడుగున చిల్లులున్న రెండు మట్టికుండలు ఉన్నాయి. ఒకటి నిండేదాకా కూరగాయల తొక్కలు, కాచి వడకట్టిన టీ పొడి, కోడిగుడ్ల పెంకులు వేస్తారు. ప్రతి పొరపైనా ఎండుటాకులో, చించిన కాగితమో కప్పుతారు. అది మాగుతుండగా రెండోదాన్ని నింపుతారు. రెండు మూడు నెలలకు నల్లని ఎరువు చేతికొస్తుంది. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందన్నమాట, మరికొన్ని ఎండుటాకులు వేస్తే సరి. మాంసం, ఎముకలు, నూనె మాత్రం ఇందులో వేయరాదు. ఎలుకలు వస్తాయి. బిర్యానీ చేసే ఇళ్ళకు ఇది ముఖ్యమైన మాట. ఎముకలు తడి చెత్త డబ్బాలోకి, పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు విడిగా కట్టి బండివారి చేతికి. వలీమా విందుల్లో థర్మాకోల్ పళ్ళేలను, ప్లాస్టిక్ గ్లాసులను ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. అయినా అవి షాదీఖానాల వెనుక గుట్టలుగా కనబడుతూనే ఉన్నాయి. తెలంగాణలో మోదుగాకు విస్తళ్ళు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బార్కస్‌లోనైతే అరబ్బు సంతతివారి పద్ధతిలో నలుగురు ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చొని మందీ తింటారు. పళ్ళెం ఒక్కటే, కడిగేదీ ఒక్కటే.

శనివారం ఉదయం బంధువుల ఇంటికి దూదేకే ఆయన వచ్చారు. ఆయనది గుంటూరు వైపు, మాట స్వచ్ఛమైన తెలుగు. మన తెలుగు నేల మీద దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా చేసిన పని ఇది. వారి తాత చేతిలో నరం బిగించిన పెద్ద విల్లు ఉండేదట. కొయ్య గుండుతో ఆ నరాన్ని మీటితే దూది మబ్బులా లేచేదట. ఇప్పుడు బండి మీద మోటారు యంత్రం. గడ్డకట్టి రాయిలా మారిన పదేళ్ళ పరుపును విప్పి, దుమ్ము దులిపి ఏకేసరికి దూది మూడింతలైంది. "స్పాంజి పరుపు పాడైతే ఏం చేస్తారు భాయ్?" అని మేము అడిగితే ఆయన నవ్వి, "పాడైతే పారేయడమే అన్నా. దూదైతే మళ్ళీ నా దగ్గరికి రావలసిందే" అన్నారు. పాత కవరు చిరిగి ఉంటే, ఆ ఇంటి అమ్మమ్మగారు దాన్ని ముక్కలు చేసి, రెండు పాత లుంగీలు, ఒక వెలిసిన దుపట్టా కలిపి బొంత కుట్టడానికి పక్కన పెట్టుకొన్నారు.

పరుపు కుట్టడం పూర్తయ్యాక గుప్పెడు దూది మిగిలింది. దిండులోకి చాలదు. కాగితంలో చుట్టుకొని, డేకిసా కోసం వెళ్ళినప్పుడు కళాయి చాచాకు ఇచ్చాము. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి, పాత దూదే తగరానికి మంచిదంటూ డబ్బాలో దాచుకొన్నారు.